గుర్తు లేని మూత

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు పప్పన్నంలో నా పంటికింద ఏదో పటుక్కుమంది. గోడ గడియారానికి ఎదురుగా కూర్చుని తింటాను కాబట్టి ఆ సమయం గుర్తుంది. రాయి అనుకున్నాను. కందిపప్పులో అప్పుడప్పుడూ వస్తుంది. వేలితో తీసి పళ్ళెం అంచున పెట్టాను. నల్లగా, గుండ్రంగా ఉంది. మధ్యలో సన్నటి రంధ్రం ఉంది.

ఆవగింజకు రంధ్రం ఉండదు.

పప్పు గిన్నె దగ్గరకు లాక్కుని గరిటెతో కలిపి చూశాను. కరివేపాకు, ఎండుమిర్చి, వాటి మధ్య నల్లపూసలు. కాగే నూనెలో పడి కొన్ని పగిలాయి. పగిలినవి గాజుముక్కలు.

అక్క నా ఎదురుగా కూర్చుని రెండో ముద్ద కలుపుతోంది.

"అక్కా, తినకు. నోట్లది ఉమ్మెయ్."

"ఏమైంది? ఉప్పెక్కువైందా?"

"పప్పుల నల్లపూసలున్నయ్."

అరచేతిలోకి ఉమ్మి, కళ్లజోడు పైకి తోసుకుని చూసింది. తర్వాత పెద్దగా నవ్వింది. "ఓయమ్మో, పప్పుకు పుస్తె గట్టిననా ఏంది!"

"నవ్వకు. ఏమన్న మింగినవా?"

"ఏమో, మింగితే ఏమైతది? రేపటికి బయటికొస్తది."

నాకు నవ్వు రాలేదు. నాలుక మీద, చిగుళ్ల మీద గాజు ఉందేమోనని వేలితో తడుముకుంటున్నాను.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. లాలాగూడలో ఒక బడిలో చేతిపనుల టీచరుగా పని చేసి రిటైరైంది. బావ పోయాక తార్నాకలో నా ఫ్లాటుకు వచ్చేసింది. నేను పెళ్లి చేసుకోలేదు. యూనివర్సిటీ గ్రంథాలయంలో పుస్తకాలకు నంబర్లు వేసి ఏ వరసలో ఏది ఉండాలో చూసే పని నాది. నాకు తళుకు వస్తువులు నచ్చవు. నా గదిలో మంచం, బల్ల, పుస్తకాలు తప్ప ఏమీ ఉండవు. పుస్తకాల్లో పెట్టుకోమని అక్క అద్దాలు కుట్టిన రిబ్బన్లు చేసి ఇచ్చేది. నేను వాడేదాన్ని కాదు. "నీ గది జూస్తే హాస్టల్ పిల్ల ఖాళీ చేసి పోయినట్టుంటది" అనేది.

ఆమె వచ్చినప్పుడు బట్టలకంటే డబ్బాలే ఎక్కువ తెచ్చుకుంది. అన్నీ స్టీలు పోపుల డబ్బాలు. పెద్ద గుండ్రటి డబ్బా, లోపల చిన్న చిన్న గిన్నెలు, పైన మూత. అందరి వంటిళ్లలో ఆవాలూ జీలకర్రా మెంతులూ ఉండే డబ్బాలే. అక్క వాటిలో పూసలు, చమ్కీలు, ముత్యాలు, గుండీలు, కుందన్లు పోసుకునేది. ప్లాస్టిక్ డబ్బాలు పెళుసైపోతాయని, స్టీలుది కింద పడ్డా పగలదని, గుండ్రటి గిన్నెలోంచి వేళ్లతో తీసుకోవడం తేలికని చెప్పేది. మూతల మీద పేర్లు రాయదు. లోపల ఏముందో అందులోంచి ఒకటో రెండో తీసి మూత మీద జిగురుతో అంటిస్తుంది. బడిలో ఇంకా చదవడం రాని పిల్లల కోసం పెట్టిన పద్ధతి అది. ఇంట్లో కూడా అదే పాటించింది. వంటింటి డబ్బా మూత మీద మాత్రం ఏమీ అంటించలేదు. మా ఇంట్లో నియమం అదే: మూత మీద గుర్తు ఉంటే కుట్టేది, ఏమీ లేకపోతే తినేది.

ఆ ఆదివారం చేయి కడుక్కుని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి పక్కన ఉన్న డబ్బా మూత ఖాళీగానే ఉంది. తెరిచాను. ఒక గిన్నెలో నల్లపూసలు. ఒకదానిలో మెంతుల రంగు పూసలు. మూడో గిన్నెలో గురివింద గింజలు.

గురివిందలు ఆమె యూనివర్సిటీలో పొదల దగ్గర ఏరుకొచ్చినవి. ఎర్రటి గింజ, కొసన నల్ల మచ్చ. తోరణాల్లో పూసలకు బదులు వాడేది. అవి విషమని చిన్నప్పుడే అమ్మ చెప్పింది. తర్వాత పుస్తకాల్లోనూ చదివాను. నమలకుండా మింగితే ఏమీ కాకపోవచ్చు. నలిగితే ప్రాణం మీదికొస్తుంది. పప్పంతా పెద్ద పళ్ళెంలో పోసి, పలచగా పరిచి, వేలితో వెతికాను. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏందే అంత వెతుకుతున్నవ్, ముక్కుపుల్ల పడ్డట్టు?"

"గురివిందలు పడ్డయేమోనని."

"గవి ఎర్రగుంటయ్. నేనేమన్న గుడ్డిదాన్నా?"

పప్పులో గురివింద లేదు. అసలు వంటింటి డబ్బా ముందుగదిలో, ఆమె బీరువాలో, పూసల డబ్బాల వరసలో ఉంది.

"మూత మీది పూసలు ఊడినట్టున్నయ్," అన్నాను.

"ఔ, జిగురు ఊడింది, గంతే. గీ మధ్య మంచి జిగురు దొరుకుతలేదు."

ఆ మాట నాకు సరిపోయింది. పప్పు పారేసి, పెరుగన్నం తిన్నాం.

మర్నాడు పనికి వెళ్లాను. రోజూ భోజనాల వేళ ఆమెకు ఫోను చేస్తాను. ఆ రోజూ చేశాను.

"తిన్నవా అక్కా?"

"తిన్న. పప్పన్నం."

"పప్పెక్కడిది?"

"నిన్నటిదే. పారేస్తమా?"

ఆ పప్పు నా చేత్తోనే పారేశాను. చెత్త సంచి మూతి కట్టి గుమ్మం బయట పెట్టాను. చెత్త బండి పొద్దున్నే వస్తుంది, కానీ వచ్చిందో లేదో నేను చూడలేదు. ఎవరికీ చెప్పకుండా గ్రంథాలయం మెట్లు దిగి, రోడ్డు మీద మొదట కనిపించిన ఆటో ఎక్కాను. యూనివర్సిటీ నుంచి తార్నాక ఎంతో దూరం లేదు. ఆ రోజు సిగ్నల్ దగ్గర ఆగిన కాసేపట్లో, నేను తలుపు తెరిచేసరికి ఆమె నేల మీద ఎలా పడి ఉంటుందో అన్ని విధాలుగా ఊహించుకున్నాను.

ఆమె కిటికీ దగ్గర చాప మీద కూర్చుని ముత్యాలు గుచ్చుతోంది. "గింత జల్దొచ్చినవేంది? సెలవిచ్చిండ్రా?"

చెత్త సంచి గుమ్మం బయట లేదు. సింకులో ఆమె పళ్ళెం ఉంది. అందులో మెతుకులకు పెరుగు అంటుకుని ఉంది. పప్పు లేదు. తిన్నది పెరుగన్నం, చెప్పింది పప్పన్నం. కొంత కుదుటపడ్డాను. కానీ అక్కడితో ఆగలేదు. ఆ నల్లపూసల డబ్బా మూత తీసుకుని వెలుగులోకి పట్టి చూశాను. ఎండిన జిగురు మచ్చ గుండ్రంగా ఉంది. దాని చుట్టూ సన్నటి గీతలు. జిగురు దానంతటది ఊడితే గీతలు పడవు.

"అక్కా, గీ గీతలేంది?"

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "నేనే గీకిన, సూదితోని. వంటింటి డబ్బ మీద పూసలెవరో అంటించిండ్రు. నువ్వే అంటించినవేమో అనుకున్న."

మూత పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

తర్వాత డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. పరీక్షలు అయ్యాక అక్కను బయట కూర్చోబెట్టి ఆమె నాకు రెండు మాటలు చెప్పింది. మతిమరుపు ఇంకా పెరుగుతుందట. సూదులు, పూసలు, మింగగలిగే చిన్న వస్తువులు ఏవీ అక్క చేతికి అందకుండా చూడాలట. రెండోది, చేతిపని మాన్పించకూడదట. అది పోతే మిగిలినదీ తొందరగా పోతుందట. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా చేయాలో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు.

అప్పటినుంచి నాకు ఒక అలవాటు వచ్చింది. పొద్దున వంటకు ముందు ఆవాలు తెల్ల పళ్ళెంలో పోసి, వేలితో పరిచి, ఒక్కొక్కటీ చూసేదాన్ని. తర్వాత జీలకర్ర, మెంతులు. ఆ తర్వాతే పొయ్యి వెలిగించేదాన్ని.

డబ్బాలు తీసేయాలని చాలాసార్లు అనుకున్నాను. ముందు గురివిందలతో మొదలుపెట్టాను. పొద్దున్నే ఇద్దరం యూనివర్సిటీలోకి నడకకు వెళ్లేవాళ్లం. ఒకరోజు గురివిందలు రుమాల్లో మూట కట్టి తీసుకెళ్లాను. హాస్టళ్ల వెనక దారిలో ఆమె నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తోంది. పొద దగ్గర ఆగి, ఆమె ఏరుకొచ్చిన చోటే వాటిని దులిపేశాను. రుమాలు మడిచేలోగా ఆమె వెనక్కి తిరిగింది.

"ఏంది, ఆగినవ్?"

"చెప్పుల రాయి దూరింది."

ఆమె వెనక్కి వచ్చింది. కింద చూసింది. ముఖం వెలిగిపోయింది. "ఇగో చూడు చెల్లె, ఎన్ని పడ్డయో! ఏరెటోళ్లే లేరు!"

గొంతుక్కూర్చుని అన్నీ ఏరి కొంగులో వేసుకుంది. నడకకు వచ్చిన ఒకాయన ఆగి, "ఏమైనా పోయిందా అమ్మా?" అని అడిగాడు. "పోలే బాబూ, దొరికినయ్," అంది అక్క. దారి పొడుగునా కొంగు ముడి పట్టుకుని సంతోషంగా నడిచింది. నేను ఆమె చేతివేళ్లు నోటి దగ్గరకు పోతాయేమోనని చూస్తూ పక్కన నడిచాను.

మర్నాడు వాటిని కాగితంలో చుట్టి చెత్త బండిలో వేయించాను. ఆమె ఖాళీ గిన్నె చూసింది కానీ ఏమీ అడగలేదు. అడుగుతుందని అబద్ధం ఒకటి సిద్ధం చేసుకున్నాను. ఆమె అడగకపోవడంతో ఇంకా భయమేసింది.

ఆ వారంలోనే పై అంతస్తులో ఉండే ఆమె వచ్చింది. వాళ్లది కర్నూలు వైపు. భర్తకు హబ్సిగూడలో ఆఫీసు. కూతురికి పెళ్లి కుదిరింది.

"టీచరక్కా, మా పాపకు కొబ్బరిబోండమూ అడ్డుతెరా నువ్వే చేసియ్యాల. బయట కొంటే అన్నీ గమ్ముతో అతికించి ఇస్తాండారు. పీటల మీద కూర్చోకముందే రాలిపోతాండాయి."

"నేను అంటియ్య, కుడ్త. తెర మీద ఒక్క పూస రాలితే నన్నడుగు."

"రాలితే నీకు పెళ్లి లడ్డు లేదు మల్ల."

"లడ్డు ఎవరిక్కావాలె, నాకు షుగరు. కారబ్బూంది పంపు."

కొబ్బరిబోండం పెళ్లికూతురు చేతిలో పట్టుకుని మండపానికి వస్తుంది. అడ్డుతెర జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఇద్దరి మధ్య పట్టుకునేది. రెండూ అక్క ఎన్ని పెళ్లిళ్లకు చేసి ఇచ్చిందో లెక్క లేదు. నేను కల్పించుకున్నాను. "వద్దులే అక్కా, కండ్లు నొస్తయ్. ఇంకెవరికన్న చెప్పుకుంటరు."

"నీకేం తెల్సు? నువ్వు పోయి నీ పుస్తకాలు సర్దుకో."

పై ఇంటి ఆమె నవ్వుతూనే నా ముఖం వైపు ఒకసారి చూసింది. ఆమెకు విషయం చెప్పాలి. మెట్ల దాకా వెంట వెళ్లాను కూడా. చెప్పలేకపోయాను. చెబితే పని వెనక్కి తీసుకుంటుంది. తీసుకుంటే అక్క చేతిలో ఏమీ ఉండదు.

తర్వాత ఒక సాయంత్రం పని నుంచి వచ్చి టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లాను. చక్కెర డబ్బా మూత మీద జిగురుతో నాలుగు చక్కెర పలుకులు అంటించి ఉన్నాయి. టీ పొడి డబ్బా మీద టీ పొడి. రవ్వ మీద రవ్వ. పోపుల డబ్బా మూత మీద ఒక ఆవగింజ, ఒక జీలకర్ర, ఒక మెంతిగింజ. ఇంట్లో గుర్తు లేని మూత ఒక్కటీ లేదు. బాత్రూం తలుపుకు సబ్బు ముక్క అతికి ఉంది. నా గది తలుపు మీద, చేతికి అందే ఎత్తులో, నా పాత నేత చీర అంచు ముక్క.

అక్క చాప మీద కూర్చుని ఉంది. వేళ్లకు జిగురు ఎండి తెల్లటి పొర కట్టింది.

"అన్నిటికీ అంటించిన. ఇగ కలవవు," అంది.

"మంచిగ జేసినవ్. నా తలుపు మీదెందుకు?"

కాసేపు వేళ్ల మీది జిగురు ఒలుచుకుంది. "పొద్దుగాల నువ్వు పోయినంక గా గది ఎవరిదని అనుకున్న. ఎవరో కిరాయికున్నరేమో అనిపించింది. కాసేపే. తర్వాత యాదికొచ్చింది." "డాక్టరమ్మకు చెప్పకు," అంది.

"భయమైతుందా అక్కా?"

"నీకైతలేదా?"

అయితుందని చెప్పాను. అప్పటిదాకా భయమంతా నాదే అనుకుంటూ వచ్చాను. ఆమె నవ్వులు చూసి ఆమెకు తెలియదనుకున్నాను. ఆమెకు ముందే తెలుసు. మూతల మీద గుర్తులు పెట్టుకుంటూ తన పద్ధతిలో తాను కాపలా కాసుకుంటోంది.

డబ్బాలు తీసేయాలన్న ఆలోచన ఆ సాయంత్రం వదిలేశాను. మిగిలిన సెలవులన్నీ పెట్టేసి ఇంట్లో ఉన్నాను. చాపకు అటు ఆమె, ఇటు నేను. మధ్యలో తెర గుడ్డ. డబ్బాలు నా వైపు. ఆమె అడిగిన గిన్నె ఒక్కటే అందించి, కావలసినన్ని తీసుకోగానే వెనక్కి తీసుకుంటాను. పాత టీచరు కాబట్టి నన్నూ వదల్లేదు. "గిన్నె అట్ల పట్టరు, రెండు చేతుల్తోని పట్టు." "ముత్యం అంటే ముత్యమే ఇయ్యాలె, తెల్ల పూస గాదు. గిన్నేండ్లు ఏం చదివినవే?" ఏ రోజో, ఇంట్లో ఎవరున్నారో తికమకపడే మనిషి, వేలి కొసతో తాకి చూసి, పూసల్లో నాసిరకం దాన్ని పక్కన పడేసేది. ముడి వేసి, రెండుసార్లు లాగి చూసి గానీ దారం తెంపేది కాదు.

సూదులన్నీ ఒక ఎర్ర గుడ్డకు గుచ్చి పెట్టాను. సాయంత్రం పని ముగిశాక సరిచూసుకునేదాన్ని. ఒకరోజు ఒక సూది తక్కువైంది. చాప దులిపాను. దుప్పట్లు విప్పి చూశాను. ఆమె తాగిన మంచినీళ్ల గ్లాసులో చూశాను. అన్నం గిన్నె తెరిచి మెతుకులు విడదీశాను. "నోరు తెరువు" అన్నాను. ఆమె పిల్లలా తెరిచింది. "ఏం పోయింది?" అని అడిగింది. చెప్పాక తనూ నాతో పాటు వెతకడం మొదలుపెట్టింది. మంచం కిందికి వంగినప్పుడు ఆమె భుజం మీద ఏదో మెరిసింది. సూది జాకెట్టు భుజానికి గుచ్చి ఉంది. పని చేసినన్నాళ్లూ ఆమె సూది అక్కడే పెట్టుకునేది. ఆ సంగతి మరిచిపోయింది నేను.

తెర పూర్తి కావచ్చినప్పుడు ఆమె దాన్ని ఒళ్లో పరుచుకుని చాలాసేపు చూసింది.

"ఎవరిదిది?"

"పై ఇంటి పాపది. పెండ్లి తెర."

"మంచిగున్నది. ఎవరు కుట్టిండ్రు?"

"నువ్వే."

"చల్, అబద్ధం," అని నవ్వింది. తర్వాత తెర తిరగేసి వెనక కుట్టు చూసింది. ముడులు చూసింది. "ఔ. నా ముడే," అంది.

పెళ్లి సీతాఫల్‌మండిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ముందు వరసలో కూర్చున్నాం. నేను ఆమె చేయి పట్టుకునే ఉన్నాను. ఆ తెర, ఆ బోండం నేను ఇంట్లోనే అంగుళం అంగుళం వెతికాను. ఉండకూడని గింజ ఒక్కటీ లేదు. అయినా పెళ్లికూతురు బోండం పట్టుకుని వస్తుంటే నా కళ్లు దాని మీదే ఉన్నాయి. పూస ఏదీ రాలలేదు. జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించారు. అందరూ పెళ్లికూతురినీ పెళ్లికొడుకునీ చూస్తుంటే అక్క తెరను చూసింది. దాన్ని పట్టుకున్న ఇద్దరమ్మాయిలు ఉండ చుట్టబోయారు. ఆమె నా చేయి విడిపించుకుని లేచింది.

"మడత పెట్టేది అట్ల గాదు బిడ్డా. పూసలు లోపలికి రావాలె."

మండపం పక్కన నిలబడి తెరను మడత పెట్టి వాళ్ల చేతికిచ్చి వచ్చి కూర్చుంది. పై ఇంటి ఆమె మాట తప్పలేదు. సాయంత్రం కారబ్బూంది పొట్లం పంపింది. అక్క ముందుగదిలో కూర్చుని తింటుంటే, ప్రతి గుప్పెడూ ముందు నేను నా అరచేతిలో పోసుకుని చూసి ఇచ్చాను. ఆమె చేయి చాపి తీసుకుంది.

తర్వాతి వానాకాలంలో ఆమెకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆసుపత్రిలో పోయింది. పూస కాదు, సూది కాదు, గురివింద కాదు. నేను దేనికి కాపలా కాశానో దాని వల్ల కాదు.

పూసల డబ్బాలన్నీ లాలాగూడ బడికి ఇచ్చేశాను. మూతల మీది గుర్తులు అలాగే ఉంచమని చెప్పాను. వంటింటి డబ్బా ఒక్కటే మిగిలింది. దాని మూత మీద ఆవగింజా జీలకర్రా ఉన్నాయి. మెంతిగింజ మొన్న తుడిచేటప్పుడు ఊడిపోయింది. నా తలుపు మీద చీర అంచు ఉంది.

ఆమె పోయాక కూడా కొన్నాళ్లు పొద్దున్నే పళ్ళెం తీసేదాన్ని. ఇంట్లో పూస అన్నది లేదని తెలిసీ ఆవాలు పరిచి, వేలితో కదిపి చూసేదాన్ని. ఎప్పుడు ఆపానో గుర్తు లేదు. ఈ రోజు పప్పు చేశాను. డబ్బా తెరిచి ఆవాలు నేరుగా నూనెలో వేశాను.

ఇప్పుడు ఆవాలు పళ్ళెంలో పోసి చూడను.